మౌంటు వెర్నాను భవనము: దాని పూర్వచరిత్రము, రక్షణక్రమము

పురాతన గృహముల చరిత్రము వ్రాయువారు సాధారణముగా గట్టించినవాని కీర్తితో నారంభించి యాతని వంశవృక్షముతో ముగింతురు. నడుమ నా గృహమునకు గోడలు నిలిపినవా రెవరో, పొయ్యి వెలిగించినవా రెవరో, పై కప్పు కూలబోవు కాలమున నడ్డుపడినవా రెవరో చెప్పరు. మేమిందు బ్రస్తావింపబూనిన భవనము విషయమునను చాలకాల మట్లే జరిగినది. ఇది మన దేశములోనిది కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో వర్జీనియా రాష్ట్రమున, పొటోమాకు నదీతీరమున, ఆ దేశపు రాజధానికి సుమారు 15 మైళ్లు దక్షిణముగా నున్నది. దాని పేరు మౌంటు వెర్నాను. ఆ దేశమునకు మొదటి యధ్యక్షుడైన జార్జి వాషింగ్టను నివసించి మరణించిన యిల్లు.

అంత దూరపు గృహముతో మన మహాసభకు నిమిత్తమేమని కొందఱు సభ్యు లడుగవచ్చును. ఒక్కటే నిమిత్తము. ఆ యింటిని కొన నిచ్చగింపక దేశప్రభుత్వమును, రాష్ట్రప్రభుత్వమును గూడ విడిచిపెట్టగా నొక సంఘము చందాలు వసూలుచేసి కొనినది. నేటికిని నదియే నడుపుచున్నది. చందా యనిన నేమో, తీర్మానమునకును కార్యమునకును నడుమ నెంత దూరము గలదో మన సభ్యులకు వేఱుగ జెప్ప నక్కఱలేదు. కావున నీ చరిత్రము వారికి రుచించునని తలంచుచున్నాము.

మొదట నొక మాటను గూర్చి చెప్పవలసియున్నది. ఇట్టి యాస్తిని వారు ప్లాంటేష ననియెదరు. దానిని 'తోట' యని తెనిగించినచో మనకు మామిడితోటయు, అరటితోటయు మనస్సునకు దోచును, అది సరిగాదు. వేలకొలది యెకరముల భూమి యొక్క యజమానునిది. అందు విదేశముల కమ్ముటకై పండించు పైరు. ఆ పైరు పండించువారు కూలివాండ్రు గారు, పాలికాపులు గారు, ధనమిచ్చి కొనబడిన మనుష్యులు, వారి బిడ్డలు. ఇట్టి భూములనడుమ యజమానుడు గట్టుకొనిన మేడయే ప్లాంటేషను గృహము. వర్జీనియాలో నా పైరు పొగాకు. గుంటూరుసీమ రైతు 'వర్జీనియా పొగాకు' అను మాట నెఱిగినవాడే. ఆ యాకునకు బేరిచ్చిన దేశ మదియే. అచ్చటి భూస్వాములు పొగాకు బస్తాలను గాక పెద్దపెద్ద పీపాలను లండను వర్తకుల కంపి, ఆ వర్తకునిచేతనే బట్టలును, కుర్చీలును, పింగాణి పాత్రలును దెప్పించుకొని, చిట్టా చూచుకొనునప్పటికి బాకీదారులై యుండెడివారు. వాషింగ్టను గూడ నీ యనుభవమునకు లోనైనవాడే. పొగాకు భూసారమును బీల్చివేయుచుండుటయు, ఋణము పెరుగుచుండుటయు జూచి యాతడు 1760 తరువాతి సంవత్సరములలో దానిని మాని గోధుమకు దిగెను.

ఈ భూమి వాషింగ్టను వంశమునకు 1674వ సంవత్సరమున సంక్రమించెను. జార్జి ముత్తాతయైన జాను వాషింగ్టను, నికొలాసు స్పెన్సరు అను నింకొకనితో గూడి దీనిని బొందెను. 1734లో తండ్రి ఆగస్టైను ఒక చిన్న యిల్లు కట్టించెను. సవతియన్నయగు లారెన్సు తాను యుద్ధములో గొలిచిన ఆంగ్లనౌకాధిపతి వెర్నాను పేరు దానికి బెట్టెను. బ్రిటిషువారిని వెడలగొట్టిన సేనాని యింటికి బ్రిటిషు నౌకాపతి పేరే నిలిచిపోవుట విధివిలాసము. లారెన్సు 1752లో మరణించెను. జార్జి 1754 మొదలు లారెన్సు వితంతువు వలన నీ యాస్తిని గుత్తకు గైకొని, ఆమె మరణానంతరము 1761లో హక్కుదారుడయ్యెను.

అతడు ఇంటిని రెండుమాఱులు పెంచెను. 1758లో బై అంతస్తు లేపెను. 1774లో నిరువైపుల గదులు చేర్చుట కారంభించెను. ఈ రెండవ పని ముగియకమున్నే స్వాతంత్ర్యయుద్ధము వచ్చినది. యజమానుడు సేనతో గూడ దిరుగుచుండగా బంధువగు లండు వాషింగ్టను పని చేయించెను. ఇట్లు విడతలుగా బెరిగిన యిల్లు గావున ముందువైపు కిటికీలు సరిసమానముగ లేవు. పరిశీలించి చూచువారికే యది కనబడును. తక్కినవారి కన్ను పై గుమ్మటముమీద నిలిచిపోవును.

ఈ మేడ రాతిమేడవలె గనబడునుగాని రాతిది కాదు. దేవదారు పలకల యంచులు చెక్కి, రాళ్లు పేర్చినట్లు కనబడజేసి, రంగు పూసి, తడి యారకమున్నే దానిపై నిసుక చల్లించిరి. దూరమునుండి శిల; చేత దట్టిన కఱ్ఱ మ్రోత. ధనవంతులగుటకును, ధనవంతులుగా గనబడుటకును నడుమ గల భేదము మన జమీందారీ మేడలయందును జూచినదే కావున దీని నాక్షేపింపము. నదివైపున నెనిమిది చతురస్రపు స్తంభములమీద నిలిచిన రెండంతస్తుల యెత్తుగల వసారా యొకటి గలదు. ఆ వసారాలో గూర్చున్నవారికి నదియు, నావలి యొడ్డు నడవులును దప్ప వేఱేమియు గానరాదు. ఇంటినడుమ నడవలో గోడమీద నొక పెద్ద యినుపతాళపుచెవి వ్రేలాడుచున్నది. ఫ్రాన్సు దేశపు ప్రజలు 1789లో కూలద్రోసిన బాస్టిలు కారాగృహపు తాళపుచెవి యది. లాఫయెతు పంపగా 1790లో వాషింగ్టనుకు జేరినది. స్వేచ్ఛకు గుఱుతైన యా వస్తువు వ్రేలాడిన నడవను దినదినము తుడిచినవారు బానిసలు.

ఇక వారిని గూర్చి చెప్పుదము. 1799లో నీ యాస్తి దాదాపు 8,000 ఎకరములు. అయిదు క్షేత్రములుగా విభజింపబడియుండెను. అందు 317 మంది బానిసలు జీవించుచుండిరి. వారు దున్నిరి, కోసిరి, వడికిరి, ఇటుకలు కాల్చిరి, నదిలో వలలు వేసి చేపలను బట్టి యుప్పు వేసి పీపాలలో నింపిరి. గోధుమ నూర్పిడికై వాషింగ్టను పదునాఱు పక్కల కొట్టమొకటి తానే యాలోచించి కట్టించెను. మనవారు కళ్లములో బనలు పరచి యెడ్లచే ద్రొక్కించునట్లే, ఆ కొట్టపు పై యంతస్తులో గుఱ్ఱములను గుండ్రముగ ద్రిప్పుచుండ, పలకల సందులగుండ గింజ క్రింది గదిలోనికి రాలెడిది. 1797లో స్కాట్లండు దేశీయుడగు నొక వ్యవసాయాధికారి ప్రోద్బలమున సారాబట్టీ పెట్టించెను. 1799లో దానినుండి దాదాపు 11,000 గ్యాలనులు దిగినవి. మద్యనిషేధాభిమానులగు మన సభ్యులు క్షమింతురుగాక, ఆ యాస్తియందు లాభము చూపిన పనులలో నదియు నొకటి.

బానిసలలో గొందఱి పేర్లు మాత్రమే చరిత్రములో వినబడుచున్నవి. ఓనా జడ్జి యను యువతి యజమానురాలి కొప్పు దిద్దుటయు, బట్టలు కుట్టుటయు జేసెడిది. వాషింగ్టను అధ్యక్షుడుగా ఫిలడెల్ఫియాలో నున్నప్పుడు, 1796 మే నెలలో, ఇంటివారు భోజనమునకు గూర్చుండియుండగా నామె వెలుపలికి నడచిపోయెను. పట్టి తెప్పించుటకు యత్నములు జరిగినను దొరకక, న్యూహాంప్షైరు రాష్ట్రమున 1848 వఱకు జీవించెను. చట్టము ననుసరించి తుదివఱకు బానిసయే. పాకశాస్త్రమున బేరుగాంచిన హెర్క్యులీసు 1797 ఫిబ్రవరి 22వ తేదీన, అనగా యజమానుని జన్మదినముననే, మౌంటు వెర్నానునుండి మాయమయ్యెను.

1799లో వాషింగ్టను తన యాస్తియందలి బానిసల నందఱను బేరు పేరున నొక జాబితాగా వ్రాసెను. ఎవరి భార్య యెవరు, ఎవరి బిడ్డ లెవరు, ఏ క్షేత్రమున నున్నారు, ఏ పని చేయుదురు, ఏ హక్కు క్రిందివారు అనునవి యందు గలవు. 123 మంది యాతని సొంతము. 153 మంది భార్యయగు మార్తా మొదటి భర్త యాస్తిలోనివారు. వారిపై నామెకు జీవితానుభవము మాత్రమే గలదు, పిదప నామె మనుమలకు జెందవలసినవారు. తక్కిన వారిలో దాదాపందఱు పొరుగువారివలన గుత్తకు దెచ్చినవారు. ఆ సంవత్సరము జూలైలో వ్రాసిన మరణశాసనమున దన సొంతవారిని, భార్య మరణానంతరము విడుదల చేయవలసినదని యాతడు శాసించెను. డిసెంబరు 14వ తేదీన మరణించెను. మార్తా తన మరణమువఱకు వేచియుండక 1801 జనవరి 1వ తేదీన వారిని విడుదల చేసెను. తక్కిన 153 మందికి విడుదల లేదు. 1802లో మార్తా గతించినపిదప వారు మనుమలకు బంచిపెట్టబడిరి. ఈ రెండు వర్గములనడుమ పెండ్లిండ్లు జరిగియుండుటచే, భర్త స్వతంత్రుడు, భార్యాబిడ్డలు బానిసలు, అందును వేఱువేఱు యిండ్లకు బోయినవారు, ఇట్టి కుటుంబములు పెక్కేర్పడెను. వాషింగ్టను చేసిన సత్కార్యమును మేము తక్కువపఱుపము. ఆ కాలపు పెద్ద భూస్వాములలో నట్లు చేసినవారు స్వల్పము. కాని దాని కొలత యెంతయో గూడ జెప్పకున్న జరిత్రము గాదు.

తరువాత నిల్లు మేనల్లురవంటి దూరపు వారికి గాక, అన్నదమ్ముల సంతతికే దక్కినది. అన్నదమ్ముని కుమారుడగు బుష్‌రోడ్ వాషింగ్టను దేశపు టున్నత న్యాయస్థానమున న్యాయమూర్తి. విడుదలయైనవారు వెడలగా నాతడు తన బానిసలను దెచ్చుకొనెను. 1821లో ఆస్తి నష్టములో నున్నదని 54 మందిని లూయిసియానాకు బోవువారి కమ్మివేసెను. న్యాయమూర్తి యింట జరిగిన యీ విక్రయము నాటి పత్రికలలో గూడ నిందకు బాత్రమయ్యెను. అతని పిదప నింకను నిరువురు యజమానులు మాఱిరి. భూమి తఱిగినది, సంపాదన తఱిగినది, యాత్రికులు మాత్రము పెరిగిరి. వచ్చినవారు గుఱుతుగా నేదో యొకటి విఱుచుకొనిపోవువారు. 1850 దాటునప్పటికి, వాషింగ్టను కూర్చున్న నదివైపు వసారా కూలిపోవకుండ నోడల కొయ్యస్తంభములు దెచ్చి యూతగా బెట్టిరి. కడపటి యజమానుడు జాను ఆగస్టైను వాషింగ్టను దీనిని దేశప్రభుత్వమునకును, వర్జీనియా ప్రభుత్వమునకును గొనుడని చూపెను. ఎవరును గొనరైరి.

1853లో నొకనాటి రాత్రి దక్షిణ కరోలినాకు జెందిన లూయీసా కన్నింగ్‌హామ్ అను నామె పొగయోడలో నీ నదిపై బోవుచు వెన్నెలలో నీ జీర్ణగృహమును జూచెను. మగవారికి జేతగాకున్న నాడువారైన దీనిని నిలుపరాదా యని కూతున కుత్తరము వ్రాసెను. ఆ కూతురు ఆన్ పమేలా కన్నింగ్‌హామ్. గుఱ్ఱముమీదనుండి పడి చిన్ననాటినుండి వ్యాధిగ్రస్తురాలు, పెండ్లిలేదు, పడకనుండి లేచిన దినములు తక్కువ. ఆమె ఆ డిసెంబరులో చార్లెస్టను పత్రికలో దక్షిణదేశ స్త్రీలకొక విన్నపము ప్రకటించెను. కులస్త్రీ పేరు పత్రికలో గనబడుట యా సంఘమున మర్యాద గాదు గావున 'దక్షిణదేశపు గృహిణి' యను మాఱుపేరు పెట్టుకొనెను. ఆమె పుట్టిన యిల్లును బానిసలు పనిచేసిన ప్లాంటేషను గృహమే యనుట మఱువరాదు. ఆమె కాపాడదలచినది వీరుని యిల్లు; ఆ యింటి వంటవారును, చాకలులును ఆమె తలపున లేరు.

కాని యామె పట్టుదల యసాధారణము. రాష్ట్రమున కొక యుపాధ్యక్షురాలిని నియమించి, వారి క్రింద నూరూర మఱికొందఱిని జేర్చి, ఒక్కొక్క డాలరు చొప్పున వసూలు సాగించెను. ఆనాటికి నా దేశపు స్త్రీలకు వోటు లేదు. పెండ్లియైన స్త్రీకి బెక్కు రాష్ట్రములలో దన పేర నాస్తి యుంచుకొనుటయే దుర్లభము. అయినను 1856లో వర్జీనియా శాసనసభ 'మౌంటు వెర్నాను మహిళాసంఘము'నకు జట్టబద్ధత నొసగెను. యజమానుడు మొదట స్త్రీసంఘమునకు విక్రయింప నిష్టపడలేదు. 1858 ఏప్రిలులో నంగీకరించి 2,00,000 డాలర్లకు ఇంటిని, దానితో 200 ఎకరములను వ్రాసియిచ్చెను. మసాచుసెట్సు వక్తయగు ఎడ్వర్డు ఎవరెటు ఊరూర దిరిగి వాషింగ్టను శీలమును గూర్చి యుపన్యసించి దాదాపు 69,000 డాలర్లు కూర్చియిచ్చెను. ఒక్క యుపన్యాసమును పదేపదే చదివి యంత ధనము తెచ్చినవానిని మన సభా వేదికలు చూచియుండవు.

1860 ఫిబ్రవరి 22న సంఘము తాళములు గైకొనెను. ఇంటిలో మిగిలినవి బాస్టిలు తాళపుచెవి, భూగోళమొకటి, శిల్పి హూడాను మట్టితో జేసిన వాషింగ్టను ప్రతిమ మొదలగు కొద్ది వస్తువులు. తక్కిన గదులు శూన్యము. మఱుసటి సంవత్సరమే యుత్తరదక్షిణములకు యుద్ధము పుట్టెను. కన్నింగ్‌హామ్ దక్షిణమున జిక్కువడెను. సంఘ కార్యదర్శి సారా ట్రేసీ ఉత్తరదేశస్థురాలు. ఆస్తి పర్యవేక్షకుడు అప్టన్ హెర్బర్టు వర్జీనియావాడు. వారిరువురు నింటిలో నుండి, ఏ పక్షపు సైనికుడు వచ్చినను ఆయుధములు వెలుపల నుంచి లోపలికి రావలసినదని పట్టుబట్టిరి. ఇల్లమ్మిన జాను ఆగస్టైను దక్షిణసేనలో జేరి 1861 సెప్టెంబరులో హతుడయ్యెను. ఆతడమ్మిన యింటిమీద మాత్రము గుండు పడలేదు.

ఈ యుద్ధకాలముననే యొక సంగతి జరిగినది. వెస్టు ఫోర్డు అను వృద్ధుడు వ్యాధిగ్రస్తుడై యుండగా సంఘమువారు ఇంటికి దెచ్చి పరిచర్య చేయించిరి. 1863 జూలైలో నచ్చటనే మరణించెను. ఆతడు పూర్వము వాషింగ్టనుల బానిస; విడుదలనొంది, బహుకాల మీ యాస్తి వ్యవహారములను జూచి, 1833లో చేరువనే భూమి సంపాదించి 'గమ్ స్ప్రింగ్సు' అను గ్రామమునకు బునాది వేసెను. స్వతంత్రులైన నల్లవారి యా గ్రామము నేటికిని నున్నది.

తరువాతి నూఱేండ్ల రక్షణకార్యమును విస్తరించి చెప్పము. వాషింగ్టను మరణానంతరము గది గదికి వ్రాసిన వస్తువుల పట్టిక ననుసరించి, చెదరిపోయిన సామానును బంధువులనుండి యొక్కొక్కటిగా వెదకి తెచ్చిరి. హారిసను డాడ్జి యను పర్యవేక్షకుడు 1885 మొదలు 1937 వఱకు 52 సంవత్సరములు పనిచేసెను. నిప్పు భయమునకై హెన్రీ ఫోర్డు 1923లో నగ్నిమాపక యంత్రము నిచ్చెను. గోడల పొరలను సూక్ష్మదర్శినితో బరీక్షింపగా, చిన్న భోజనశాలకు 1785లో చిలుమువన్నె పచ్చరంగు మెఱయునట్లు పూసియుండిరని తేలినది. వెలసిన లేతరంగులే పూర్వుల యభిరుచి యని తలచుచుండినవారి కిది యబ్బురము గొలిపినది. వసారానుండి కనబడు ఆవలి యొడ్డున నూనెతొట్లు వచ్చునను వార్త పుట్టగా, ఫ్రాన్సెసు బోల్టను అను సంఘసభ్యురాలు 1955లో అచ్చట దాదాపు 500 ఎకరములు కొనెను. ఇల్లనగా గోడలు మాత్రమే కాదని, కిటికీలోనుండి కనబడునదియు నిల్లేనని యామె గ్రహించుట మాకు మిక్కిలి మెప్పు గొలుపుచున్నది.

బానిసల శ్మశానము వాషింగ్టను సమాధికి గొంచెము దూరముననే యున్నది. పేరులేని గోతులు. 1929లో సంఘము చిన్న పాలరాతిపలక యొకటి నేలపై బరపించెను. అందు 'విశ్వాసపాత్రులగు సేవకులు' అను భావమేకాని బానిసలను మాట లేదు. పలకచుట్టును తుప్పలు పెరిగెను. 1982లో డొరొతీ గిల్లియము అను పత్రికారచయిత్రి 'వాషింగ్టన్ పోస్టు'లో నీ యుపేక్షను బయలుపెట్టెను. మఱుసటి సంవత్సరము, హోవార్డు విశ్వవిద్యాలయపు విద్యార్థులు రచించిన క్రొత్త స్మారకచిహ్నము నెలకొల్పబడెను: విఱిగిన గ్రానైటు స్తంభము, విశ్వాసము, ఆశ, ప్రేమ యను మాటలు చెక్కిన మూడు మెట్లు. 2014 మొదలు భూగర్భపరిశోధకులు గోతులను దవ్వక, పై మట్టిని మాత్రము మెల్లగ దొలగించి, ఒక్కొక్క సమాధి హద్దును గుఱుతించుచున్నారు. ఇంటికి జేరువనున్న బానిసల నివాసపు నేలమాళిగను దవ్వగా బొత్తములు, చేపయెముకలు, పగిలిన పింగాణి దొరకినవి. 2016లో వారి జీవితములను గూర్చియే యొక ప్రదర్శనమును సంఘము తెఱచెను.

ఇచ్చట మన సభ్యులు గమనింపదగిన దొకటి కలదు. మనలో వంశావళులు వ్రాయించుకొనినవా రనేకులున్నారు; గోత్రప్రవరలు చెప్పుకొనుటయు, భట్టువారి నోట దరముల పేర్లు వినుటయు మనకు గర్వకారణములు. ఆ 317 మంది సంతతివారి కట్టి భట్టు లేడు. వారు తమ పూర్వుల పేర్లు వెదకుకొన దలచినచో, ఆస్తిలెక్కకై యజమానుడు వ్రాసిన 1799 నాటి జాబితానే చేతబట్టవలసియున్నారు. గుఱ్ఱములను, నాగళ్లను లెక్కించిన చేయి యే సిరాతో వ్రాసెనో యా సిరాలోనే వారి ముత్తవ్వ పేరున్నది. అట్టివారు మౌంటు వెర్నానుకు వచ్చుచున్నారు, తమ కుటుంబగాథలను వినిపించుచున్నారు. సంఘము వానిని వ్రాసి యుంచుచున్నది. మేడను గాపాడుటకు బుట్టిన సంఘము కాగితమును గూడ గాపాడినందువలన నిది సాధ్యమైనది.

భవనపు అడుగుదూలములును, పునాదియు శిథిలమగుటచే 2023లో పెద్ద మరామతు మొదలిడిరి. దానికై నేలమాళిగ దవ్వుచుండగా 2024లో ఇటుకలనేల క్రింది గుంటలలో 35 గాజుసీసాలు బయల్పడెను. అందు 29 చెక్కుచెదరక యుండి, లోపల చెఱ్ఱీలును, ఇతర చిఱుపండ్లును, 250 ఏండ్ల నాటివి, రంగు సహితము పూర్తిగ మాయక యుండెను. పండ్లను నలుగనీయక తొడిమలతో గత్తిరించి, కడిగి యారబెట్టి, సీసాలు నింపి, చల్లని మట్టిలో బూడ్చిన చేయి పని తెలిసిన చేయి. ఆ వంటశాలలో నా కాలమున బనిచేసినవారిలో డాల్ అను నామె యొకతె. మార్తా పెండ్లియై వచ్చినపుడు 1759లో నామెతో వచ్చిన వంటకత్తె. సీసాలను బరిశోధనాలయమునకు జేర్చి, పండ్లను విడదీసి చల్లని పెట్టెలలో నుంచిరి.